పొగలమ్మ పొయ్యిరాళ్ళు

పూర్వం నల్లమల కొండల అంచున మేడిచెలమ అనే గ్రామంలో, చెన్నకేశవస్వామికి మూడు పూటలా నైవేద్యం వండి సమర్పించే భాగ్యం తరతరాలుగా దక్కిన ఒక ఇంట, వకుళ అనే కోడలుండేది. ఆ ఇల్లాలు నోరు విప్పి ఎన్నడూ ఎవరితోనూ అనని మాట ఒకటుంది. భర్త వరదయ్య తడిబట్ట కట్టుకుని, నెయ్యి కారుతున్న చక్కెరపొంగలి పళ్ళెం తలమీద పెట్టుకుని గుడికి నడుస్తుంటే, వీధి వీధంతా చేతులు జోడించి పక్కకు తప్పుకునేది. వకుళ మాత్రం పెరటి తలుపు సందులోంచి ఆ పళ్ళాన్ని చూస్తూ స్వామి మీద కుళ్ళుకునేది. రాయిగా పుట్టినా పోయేది, వేళకు ఎవరో ఒకరు వండి పెట్టేవారు అనుకునేది. అనుకున్న మరుక్షణమే చెంపలు వేసుకునేది.

అప్పటికామె పచ్చి బాలింత. తొలికాన్పుకు పుట్టింటికి పంపడం లోకాచారమే అయినా, అత్తగారు శేషమాంబ బ్రహ్మోత్సవాలకు చేతులు చాలవని నెలలు నిండేదాకా కోడలి చేత పిండ్లు రుబ్బించి, తీరా నొప్పులొచ్చాక మైల తగులుతుందని గొడ్లచావిట్లో గోనెపట్టా పరిపించింది. ఎంతటి మడికట్టుకున్న ఇళ్ళలోనైనా బాలింతకు వెల్లుల్లి నిషిద్ధం కాదు. అక్కడది ఔషధం. మిరియాలు, వాము, జీలకర్రతో నూరిన వెల్లుల్లి కారం నేతిలో వేయించి, పొగలు కక్కే అన్నంలో కలిపి పెడితే తల్లికి పాలు పడతాయని పెద్దలు తరతరాలుగా నమ్మిన మాట. ఈ ఇంట మాత్రం ఆ పేరెత్తడమే మహాపచారం. స్వామి ఆరగింపు అయ్యాక, ఇంటిల్లిపాదీ తిన్నాక, వచ్చిపోయే భాగవతుల విస్తళ్ళు లేచాక, అడుగూబొడుగూ మిగిలితే ఇన్ని చారునీళ్ళు పోసి చావిటి గుమ్మంలో పెట్టేవారు. తల్లికి పాలు పడలేదు. పసివాడు ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, పిల్లికూనలా మూలగసాగాడు.

లోయకు అవతలి పల్లెలో వకుళ తల్లి సూరమ్మ ఉండేది. చేటలూ బుట్టలూ అమ్ముకుంటూ ఊరూరా తిరిగే మేదర పుల్లమ్మే ఆ తల్లీకూతుళ్ళకు కబురు మోసేది. వచ్చినప్పుడల్లా, "మీ అమ్మ ఎట్టా ఉన్నావో కనుక్కురమ్మంది తల్లీ" అనేది. వచ్చినప్పుడల్లా వకుళ, "బాగానే ఉన్నానని చెప్పు" అనేది. పుట్టింటివాళ్ళ ముందు మెట్టినింటి పరువు తీయకూడదని నేర్పారుగా!

ఆ రోజు మాత్రం పుల్లమ్మ కదల్లేదు. బుట్టల మోపు దించి, నడుం మీద చెయ్యేసి నిలబడింది. "బాగుంటే ఆ బిడ్డ అట్టా మూలుగుతాడేంది? నేను చేటలమ్ముకునేదాన్నేగానీ చెవిటిదాన్ని కాదమ్మా."

సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి, నేతిలో జీడిపప్పు వేగుతున్న కమ్మటి వాసన చావిట్లోకి వచ్చింది. అది స్వామివారి వాసన. వకుళ పొట్టలో మండుతున్నది ఆకలేనని అంతవరకూ అనుకుంది. ఆ క్షణాన, అందులో సగం కోపమని తెలిసింది.

"చెప్పు పుల్లమ్మా! నాకు తిండి పెట్టడం లేదని చెప్పు. వాడికి పాల్లేవని చెప్పు. బాగున్నానని ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పానని కూడా చెప్పు."

మర్నాడు పొద్దెక్కకముందే సూరమ్మ వచ్చింది. కొంగున కట్టుకొచ్చిన మూట చావిట్లో విప్పగానే, ఆ ఘాటుకు శేషమాంబ వంటింట్లోంచి ముక్కు మూసుకుని పరుగెత్తుకొచ్చింది.

"ఎంత పని చేశారు వదినగారూ! స్వామికి వండే ఇల్లిది. ఆ కంపు గుడి దాకా పోతే ఆయన ముఖం తిప్పుకుంటాడు!"

"తిప్పుకోనీండి వదినగారూ," అంది సూరమ్మ, రెబ్బలు ఒలవడం ఆపకుండానే. "చంటిబిడ్డ ఏడుపుకి తిప్పని ముఖం వెల్లుల్లికి తిప్పుతాడేమో, అదీ చూద్దాం."

శేషమాంబ ఆ రెబ్బల్ని చీపురుతో వీధిలోకి ఊడ్పించింది. గడప దాటితే మళ్ళీ ఎక్కనిచ్చేది లేదంది. వరదయ్య తడిబట్టతో స్తంభం చాటున నిలబడి, నేలచూపులు చూస్తూ స్వామి నామం జపించాడు. వకుళ ఆ జపం చివరిదాకా విన్నది, అందులో తన పేరేమైనా వస్తుందేమోనని. రాలేదు. బిడ్డను కొంగులో చుట్టుకుని, వీధిలో పడ్డ రెబ్బల్ని ఒక్కటి కూడా వదలకుండా ఏరుకుని, తల్లి వెంట ఊరి వెనకున్న బోడికొండ ఎక్కింది.

కొండ నెత్తిన మూడు రాళ్ళు పేర్చి, చితుకులు ఏరి, సూరమ్మ పొయ్యి రాజేసింది. ఆమె వెంట తెచ్చుకున్న మూకుడులో నెయ్యి కాగింది, దంచిన రెబ్బలు ఎర్రబడ్డాయి, కొండంతా ఘుమఘుమలాడింది. తొలిముద్ద నోట పెట్టుకున్నప్పుడు వకుళ ఏడవలేదు. పళ్ళు బిగబట్టి, ఊరివైపు చూస్తూ, ఒక్కొక్క ముద్దనూ కక్ష తీర్చుకుంటున్నట్టు నమిలింది. పొద్దు వాలేసరికి రొమ్ము బరువెక్కింది. పసివాడు గుటకలు వేస్తున్న చప్పుడుకు సూరమ్మ కళ్ళు తుడుచుకుంది.

కింద గుడిలో ఆరగింపు వేళయింది. వరదయ్య పళ్ళెం మీది ఆకు తొలగించగానే చక్కెరపొంగలి గుప్పున వెల్లుల్లి వాసన కొట్టింది. అపచారమని పారబోసి, తలస్నానం చేసి, మళ్ళీ వండారు. మళ్ళీ వెల్లుల్లే. దద్ధ్యోదనం వెల్లుల్లి, పులిహోర వెల్లుల్లి, ఆఖరికి తీర్థంలో కూడా వెల్లుల్లి! తెర తీసి చూసేసరికి, తరతరాలుగా వాకిటికేసి చూస్తున్న స్వామి ముఖం ఒక పక్కకు తిరిగి ఉంది. శేషమాంబ అన్నంతా అయింది. అయితే ఆయన తిరిగింది బోడికొండవైపు, పొగ లేస్తున్నవైపు.

వరదయ్య పడుతూ లేస్తూ కొండెక్కాడు. "దిగి రా వకుళా, స్వామి నీకోసం చూస్తున్నాడు" అని కాళ్ళావేళ్ళా పడ్డాడు.

"ఆయనకి ఆకలైతే ఆయన్నే ఎక్కి రమ్మనండి," అంది వకుళ. "మీకు ఆకలైతే, ఇదిగో, ఒలవండి."

అతడు ఒలిచాడు. ఆమె దిగలేదు. లోయలో ఏ ఇంట బాలింత పస్తున్నా సరే, ఆ పొయ్యి దగ్గరికి వచ్చి తిని పోయేది. వకుళ కాలం చేశాక ఆ పొగ పేరే ఆమె పేరయింది. బోడికొండ పొగలమ్మ కొండయింది. గర్భగుడిలో స్వామి ఈనాటికీ పక్కకే చూస్తుంటాడు. మూడు రాళ్ళు చలికాలం తెల్లవారుజామున తాకినా గోరువెచ్చగా ఉంటాయి. ఏటా మాఘమాసంలో ఆ వంటింటి వంశపు మగవాళ్ళు కొండెక్కి, గోళ్ళు మండేదాకా వెల్లుల్లి ఒలిచి, దంచి, వండి, బాలింతల చేతుల్లో ముద్దలు పెడతారు. ముద్ద అందుకున్నాక ఎట్టా ఉన్నావని ఎవరడిగినా "బాగానే ఉన్నాను" అని అబద్ధమాడకూడదన్నది ఆ కొండ కట్టుబాటు. పుట్టింటికి నిజమే చెప్పి పంపాలి. ఒకప్పుడు మేదరవాళ్ళు ఆ కబుర్లు మోసేవారు.

ఈ ఏడు ఆ వరసలో ఇందుమతి అనే అమ్మాయి నిలబడింది, మూడో నెల బిడ్డను భుజాన వేసుకుని. "దణ్ణం పెట్టుకుని దిగు, ఆ కంపుముద్ద మాత్రం తినకు" అని మెట్ల కింద అత్తగారు గట్టిగా చెప్పి పంపింది. రోజూ సాయంత్రం అమ్మ ఫోను చేస్తే, స్పీకరు పెట్టి, అత్తగారి ఎదుటే "బాగానే ఉన్నానమ్మా, తింటున్నాను" అని చెప్పే పిల్ల. ముద్ద వేడిగా ఉంది. తింది. ఇంకొకటి అడిగి మరీ తింది. ఘాటుకు కళ్ళలో నీళ్ళొచ్చాయి, కడుపులోంచి ఏదో భగ్గుమని లేచింది. కిందినుంచి పేరుపెట్టి పిలుస్తున్నా పలక్కుండా, వెచ్చటి రాయి మీద కూర్చుని, చెయ్యి కొంగుకు తుడుచుకుని, సాయంత్రం దాకా ఆగేదేమిటి, ఇప్పుడే, స్పీకరు పెట్టకుండా, అమ్మకు తనే చేయాలని ఫోను బయటికి తీసింది.