తడి చెయ్యి

జకరయ్య మాస్టారి దగ్గర పరిశోధనకి చేరిన మూడో ఏడు నా బంగారు తీగ మూగబోయింది. ఇది ఇరవై రెండేళ్ళ కిందటి మాట.

తీగంటే వెంట్రుకంత సన్నది. కిడ్నీలు పాడైనవాళ్ళ రక్తంలో మందు బయటికి పోకుండా పేరుకుంటుంది. అది ఎంతుందో ఈ తీగ చిన్న కరెంటుతో చెప్పాలి. ఉప్పునీళ్ళలో పెడితే చిలకలా చెప్పేది. రక్తంలో పెడితే పది నిమిషాలకే నోరు మూసుకునేది. రక్తంలోని మాంసకృత్తులు వచ్చి దాని మీద మేట వేసేవి.

అంటుకోకుండా ఒక పూత వేస్తే సరి అనుకున్నాను. మైనంలాంటి అణువులతో, ఒక్క అణువు మందాన పూశాను. నీటిచుక్క వేస్తే జారిపోయేది. నీళ్ళే నిలవని చోట ఇంకేం నిలుస్తుందని నా ధీమా. రక్తం ఆ ధీమాని ఖాతరు చెయ్యలేదు. పదకొండు నెలలు రకరకాల మైనాలు పూశాను. జూన్ ఆఖరుకి నా స్కాలర్‌షిప్ అయిపోతుంది. అప్పటికీ తీగ పలక్కపోతే డాక్టరేట్ మాట మర్చిపోవాల్సిందే.

రక్తం ఇచ్చేది కోటమ్మ గారు. ప్రతి మంగళవారం ఊళ్ళో ఆసుపత్రికి డయాలిసిస్‌కి వచ్చేది. మిషన్ గొట్టంలోంచి నర్సు ఒక చెంచాడు తీసి నాకిచ్చేది.

"ఏం అబ్బాయ్, నా నెత్తురేమంటంది?" అని అడిగేది ఆవిడ.

"ఏమీ అనట్లేదు" అనేవాణ్ణి, సీసా మీద తేదీ రాసుకుంటూ. తలెత్తేవాణ్ణి కాదు. అంతకుముందు ఏడు అదే వార్డులో నరసయ్య అనే ముసలాయనతో బాగా మాటలు కలిశాయి. ఆయన పోయాక వారం రోజులు నాకు ఏ పనీ చేతకాలేదు. ఇక అక్కడ ఎవరితోనూ మాట పెట్టుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

ఏప్రిల్లో ఒక మంగళవారం నర్సు ఖాళీ చేతులతో వచ్చింది.

"కోటమ్మ గారు ఇవ్వనంటున్నారండీ. మీకు ఆవిడ మనిషిలా కనపడట్లేదంట."

మాస్టారి గదికెళ్ళి అన్నీ చెప్పుకున్నాను, నరసయ్య సంగతితో సహా. తీగ పలకదు, ఆవిడ ఇవ్వదు, నేనేం చెయ్యాలి? మాస్టారు అంతా విని, "ఆదివారం ఈస్టరు. ఇంటికి రా" అన్నారు. నాకు ఒళ్ళు మండింది.

వెళ్ళేసరికి ఆయన లుంగీ ఎగ్గట్టి వంటింట్లో మూకుడు ముందు ఉన్నారు. ఆయన భార్య కోడికూర చూసుకుంటున్నారు.

"రారా భద్రం, చెయ్యి కడుక్కుని శుభ్రంగా తుడుచుకో. గారెలు వెయ్యి."

పిండి అరచేతిలో పెట్టి తట్టాను. మూకుట్లోకి వంచితే సగం పడింది, సగం చేతికే ఉండిపోయింది.

"ఇది ఏ దేశం పటం నాయనా?" అన్నారు అమ్మగారు, నా గారెని చూసి.

"నూనె రాసుకోనా మాస్టారూ?"

"రాసుకో."

రెండు బాగానే జారాయి. మూడోది మళ్ళీ పట్టుకుంది. ఇంకాస్త నూనె పూశాను. మళ్ళీ అదే తంతు. మాస్టారు ఒక గిన్నెడు నీళ్ళు నా ముందుకి జరిపారు.

చెయ్యి ముంచాను. పిండి తట్టి, వేలితో చిల్లు పెట్టి వంచాను. గారె చక్కగా జారి నూనెలో పడింది. మళ్ళీ ముంచాను. మళ్ళీ జారింది.

మా అమ్మ గారెలు వేస్తుంటే ఇరవై ఏళ్ళు పక్కన కూర్చుని తిన్నవాణ్ణి. ప్రతి గారెకీ ముందు ఆమె చెయ్యి నీళ్ళలోకి వెళ్ళడం ఒక్కసారి కూడా చూడలేదు. నా చూపంతా మూకుడు మీదే.

"నీళ్ళని తోసేసే పూత కాదు మాస్టారూ, పట్టుకునే పూత వెయ్యాలి" అన్నాను. "ఆ నీళ్ళే అడ్డం నిలబడతాయి. మందు చిన్నది కదా, వాటిలోంచి వచ్చేస్తుంది."

"తీగ సంగతి తేలింది. మరి కోటమ్మ గారి సంగతి?"

నేను మూకుట్లో గారెలు తిప్పే పనిలో పడ్డాను. ఆ కాసేపట్లోనే నా చెయ్యి ఆరిపోయి పిండి చారలు గట్టిపడ్డాయి. మాస్టారు ఆ చెయ్యి పట్టుకుని నీళ్ళలో పెట్టారు.

"పొడి చేతికేరా అన్నీ అంటుకునేది."

మాస్టారు పోయి తొమ్మిదేళ్ళయింది. ఎక్కడైనా గారెల వాసన వస్తే ఇప్పటికీ ఆయన పక్కన నిలబడ్డట్టే ఉంటుంది. ఆ ఆదివారం మళ్ళీ దొరికితే ఇంకో వంద గారెలు పాడు చెయ్యడానికి నేను సిద్ధం. జూన్‌లో నా తీగ రక్తంలో ఆరు గంటలు పలికింది. ఆ వివరాలన్నీ నా థీసిస్‌లో ఉన్నాయి. ఈస్టర్ తర్వాతి మంగళవారం గురించి మాత్రం అందులో ఎక్కడా రాయలేదు.

ఆ రోజు సీసా జేబులోనే ఉంచి, కోటమ్మ గారి మంచం పక్కకి స్టూలు లాక్కుని కూర్చున్నాను. తీగ సంగతి చెప్పాను. నాకు భయంగా ఉందని చెప్పాను. నరసయ్య గారి గురించి చెబుతూ మధ్యలోనే ఆపి, లేవబోయాను.

"కూర్చో, లెగమాక" అంది కోటమ్మ గారు. అప్పుడు నర్సు వైపు తిరిగింది.

"అమ్మాయ్, ఇయ్యాల పిల్లోడికి రెండు చెంచాలు తియ్యి."