ఆపేసిన బోర్డు

గవర్రాజు చెయ్యి తగిలితే చాలు, లేజరు చచ్చిపోతోంది.

కంప్యూటర్లో ఉండే పాత డీవీడీ రైటర్ విప్పి, అందులోంచి చిన్న లేజరు డయోడు ఊడబీకి, తను కట్టిన బోర్డుకి టంకం పెట్టి వెలిగించాలని అతని సరదా. ఎలక్ట్రానిక్సు నేర్పే యోహాను మాస్టారి దగ్గరకి రాకముందు అంతా వీడియోల చదువే. "గురువు లేకుండా నేర్చుకున్నవాణ్ణండి. నా తప్పులన్నీ నా సొంతం, ఎవరికీ వాటా లేదు" అని తనే చెప్పుకుని తనే ముందు నవ్వేవాడు. అతను వస్తున్నాడని తెలిస్తే చుట్టాలు కంప్యూటరు మీద దుప్పటి కప్పేవారు.

ఇక మిగిలింది ఒక్క డయోడు. బావమరిది కంప్యూటర్లోది. ఆ సంగతి బావమరిదికింకా తెలీదు. అది వెలిగితే, ఆదివారం కొత్తవాళ్లకి తొలిపాఠం గవర్రాజు చెబుతాడు. వెలగకపోతే సత్యవేణి చెబుతుంది. మాస్టారి మాట అది.

సత్యవేణి తోటి శిష్యురాలు. పోయినవారం గవర్రాజు డయోడు చచ్చీ చావకుండా ఎర్రగా మినుకుమంటుంటే, "ఇది లేజరా అండీ, అగరొత్తా?" అంది. అందరూ నవ్వారు. "నువ్వెళ్లి వంటింట్లో మిక్సీ బాగుచేసుకో" అన్నాడితను. దానికి మాత్రం ఎవరూ నవ్వలేదు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

కాకినాడలో, మాస్టారి ఇంటి వెనక రేకుల షెడ్డులోకి బోర్డు పట్టుకుని ధీమాగా వచ్చాడు గవర్రాజు. పొట్లం కట్టిన డయోడు ఆయన చేతికిచ్చాడు.

"డయోడ్లే నాసిరకమండి మాస్టారూ. నా పనిలో వంక లేదు. ముందు బ్యాటరీ పెట్టి బోర్డు పనిచేస్తోందా అని చూసుకుంటాను. బ్యాటరీ తీసేశాకే డయోడు పెడతాను. ఇంతకంటే జాగ్రత్త ఎవడు పడతాడండి?"

"సత్యవేణితో గొడవ?" అన్నారు మాస్టారు.

"అదెప్పుడో ఆపేశానండి. ఎదురుపడినా తల తిప్పుకుని పోతన్నాను. ఇంక గొడవెక్కడిదండి?"

మాస్టారు ఊఁ అన్నారు. బోర్డుకి బ్యాటరీ తగిలించారు. తీశారు. తీసి గవర్రాజు చేతిలో పెట్టారు.

"ఇప్పుడీ బోర్డులో ఏముందోయ్?"

"ఏముంటుందండి? దాని ప్రాణం నా చేతిలో ఉంటే!"

మాస్టారు డబ్బాలోంచి చిన్న ఎల్ఈడీ బల్బు ఏరి, బోర్డు తీగలకి తాకించారు. అది తళుక్కున వెలిగి ఆరిపోయింది.

గవర్రాజు చేతిలో బ్యాటరీ చూసుకున్నాడు. బోర్డు మీద కెపాసిటర్ని చూశాడు. కరెంటు దాచుకుని, డయోడు తగలగానే ఒక్కసారిగా దానిమీద కుమ్మరించే బుల్లి పీపా అది. ఏమీ ఎరగనట్టు కూచుంది. తన చేతుల్లో పోయిన డయోడ్లన్నీ, వాటి యజమానులైన చుట్టాలతో సహా కళ్లముందు కదిలాయి.

"ఓరి దీని..." అని, ఎదురుగా గురువుగారున్నారని మిగతాది మింగేశాడు.

చటుక్కున స్క్రూడ్రైవరు అందుకుని రెండు తీగల మీదా అడ్డంగా ఆనించాడు. మళ్లీ బల్బు పెట్టి చూశాడు. వెలగలేదు.

"ఖాళీ అయిపోయిందండి! డయోడిటివ్వండి."

పొట్లం మాస్టారి గుప్పిట్లో ఉంది. ఆ గుప్పిట తెరుచుకోలేదు.

"బోర్డు సరే" అన్నారాయన.

గవర్రాజు ఆ గుప్పిటవైపు చూస్తూ నిలబడ్డాడు. ఫోను తీశాడు.

"అమ్మా సత్యవేణీ, గవర్రాజునమ్మా... ఆ మిక్సీ మాట నేననకూడదు."

అవతల్నుంచి తిట్ల వరద వచ్చింది. మధ్యలో నాలుక చివరిదాకా మంచి జవాబొకటి వచ్చింది, వదులుకోలేనంత మంచిది. వదిలేశాడు. "అవునమ్మా" అన్నాడు. "అదీ నిజమేనమ్మా" అన్నాడు. చివరికి అటు ఆమె నవ్వితే ఇటు ఇతనూ నవ్వేసి, ఫోను జేబులో పెట్టుకున్నాడు.

మాస్టారు గుప్పిట విప్పారు.

"ఇప్పుడు పెట్టు."