బావిలోకి దిగిన కొండమ్మ

అనగా అనగా, మబ్బులు దారి మరచిపోయిన ఒక రాజ్యం. ఆ రాజ్యంలో ఎర్రదిన్నె అనే ఊరు. మూడేళ్ళుగా వాన లేక ఊరి బావులన్నీ ఎండిపోయాయి.

ఆ ఊళ్ళో బావులు తవ్వి బతికే ఓబులేసు, అతని భార్య సుంకులమ్మ ఉండేవారు. వారికి ఒక్కతే కూతురు. పేరు కొండమ్మ.

పిల్ల పుట్టిన నాడే ఆలుమగలు ఒక మాట అనుకున్నారు. ఒకరోజు ఓబులేసు గునపం పట్టి బావిలోకి దిగితే సుంకులమ్మ పిల్లను చూసుకునేది. మరునాడు సుంకులమ్మ దిగేది. ఓబులేసు పిల్లకు నలుగు పెట్టి నీళ్ళు పోసి, జోల పాడి, అన్నం వండేవాడు. ఊరివాళ్ళు అతన్ని 'మీసాల తల్లి' అని పిలిచేవారు. అతను నవ్వి ఊరుకునేవాడు.

మన్ను వాసన చూసి అడుగున ఊట ఉందో లేదో చెప్పడం కొండమ్మకు అమ్మ నేర్పింది. మోకుకు జారని ముడి వేయడం నాయన నేర్పాడు. పదిహేనేళ్ళు వచ్చేసరికి ఆ పిల్ల తానే దిగి పాత బావుల్లో పూడిక తీసేది.

ఆ ఏడు ఊరిపెద్ద చెంగల్రాయుడు ఊరందరి కోసం కొత్త బావి తవ్వమన్నాడు. కానీ ఒక షరతు పెట్టాడు. ఊరి బావిలో ఆడవాళ్ళు అడుగు పెడితే గంగ అలుగుతుందట. కాబట్టి ఓబులేసు ఒక్కడే తవ్వాలట. సుంకులమ్మకు ఆ మాట నచ్చలేదు. కానీ ఊళ్ళో పసిపిల్లల నాలుకలు ఎండిపోతున్నాయి. ఓబులేసు ఒప్పుకున్నాడు.

వంతు మార్చుకునే మనిషి లేదు. విశ్రాంతి లేదు. ఇరవై రోజులు ఒక్కడే తవ్వాడు. ఇరవై ఒకటో రోజున కళ్ళు బైర్లు కమ్మి, గోడలో వచ్చిన బీట చూసుకోలేదు. ఉదయం ఎండ ఎక్కుతుండగా ఒక పక్క మన్ను పెళ్ళలుగా విరిగింది. పెద్ద బండ ఒకటి జారి, బావి నడుమ అడ్డంగా ఇరుక్కుంది. దాని కింద ఓబులేసు ఛాతీ దాకా మన్నులో కూరుకుపోయాడు.

సుంకులమ్మ వెంటనే మోకు కట్టుకొని దిగింది. బండకూ గోడకూ మధ్య సందు ఇరుకు. భుజం పట్టలేదు. పైకి వచ్చి కూతురి వంక చూసింది. ఆ సందులో పట్టేది కొండమ్మ ఒక్కతే.

చెంగల్రాయుడు చేతికర్ర అడ్డం పెట్టాడు. రాజుగారి మనుషులకు కబురు పంపిద్దామన్నాడు. వాళ్ళు వచ్చేసరికి రేపు పొద్దు ఎక్కుతుంది. లోపల మన్ను రాలుతున్న చప్పుడు ఆగలేదు.

"లోపల ఉన్నది మా మనిషి," అంది సుంకులమ్మ. "తప్పుకోండి."

ఆయన కదలలేదు. అప్పుడు కడవలు పట్టుకొని నిలబడ్డ ఆడవాళ్ళు ముందుకు వచ్చి మోకు పట్టుకున్నారు. వాళ్ళ వెనుక ఒకరిద్దరు మగవాళ్ళూ చేయి వేశారు. కర్ర పక్కకు జరిగింది.

అంతలో లోపలి నుంచి ఓబులేసు గొంతు వినిపించింది. "దాన్ని దింపొద్దు. ఆడపిల్ల. ఏమైనా అయితే నేను తట్టుకోలేను."

ఊరు ఎన్ని అన్నా నొచ్చుకోని కొండమ్మ ఆ ఒక్క మాటకు నొచ్చుకుంది. బావి అంచున బోర్లా పడుకొని లోపలికి వంగింది.

"నాయనా, నాకూ భయంగానే ఉంది. కానీ నాకు ముడి నేర్పిన రోజున నేను ఆడపిల్లనేగా?"

లోపలి నుంచి నాయన గొంతు మెల్లగా వచ్చింది.

"మోకు నడుముకు రెండు చుట్లు చుట్టు, తల్లీ. బండ మీద కాలు పెట్టకు. ఎడమ గోడ పట్టుకొని రా."

మొదటిసారి దిగి, చేతులతో మన్ను తోడి నాయన ఛాతీ విడిపించింది. ఊపిరాడక పైకి వచ్చి, గాలి పీల్చుకుంది.

రెండోసారి బండ కింద దన్నుగా పెట్టడానికి రెండు దుంగలు తీసుకుపోయింది. ఒకటి పెట్టిందో లేదో, మళ్ళీ మన్ను జారింది. దుమ్ము పైదాకా లేచింది. మోకు వదులైపోయింది. సుంకులమ్మ పిలిచింది. జవాబు లేదు. లాగేద్దామని అందరూ తొందరపడ్డారు. సుంకులమ్మ వద్దంది. పిల్ల బండ కింద ఉంటే, లాగితే బండే మీద పడుతుంది. ఆమె మోకును రెండు అరచేతుల మధ్య పట్టుకొని కళ్ళు మూసుకుంది. చుట్టూ ఎవరూ కదలలేదు. చాలాసేపటికి మోకు రెండుసార్లు కదిలింది. బతికే ఉన్నామని గుర్తు.

కొండమ్మ పైకి వచ్చింది. మోచేయి చీరుకుపోయింది. తల్లి ఆ గాయానికి గుడ్డ చుట్టింది. ఇక చాలని మాత్రం అనలేదు.

మూడోసారి దిగి, రెండో దుంగనూ దన్నుగా పెట్టి, నాయన కాళ్ళ మీది రాళ్ళు తీసి, తన నడుము మోకు విప్పి అతనికి కట్టింది. అతను పైకి వెళ్ళేదాకా ఆ చీకట్లో, బండ కింద, ఒంటరిగా నిలబడింది. దుంగలు కిర్రుమన్నాయి. మోకు మళ్ళీ దిగింది. ఆమె అంచు దాటి కూలబడిన కాసేపటికి బండ దబ్బున అడుగుకు పోయింది.

ఓబులేసు కాలు విరిగింది. నేల మీద పడుకొనే, ఊరందరూ వింటుండగా అన్నాడు.

"బిడ్డను సరిసమానంగా పెంచానని ఇన్నేళ్ళూ మురిసిపోయాను. ప్రాణం మీదికి వచ్చేసరికి నా నోటా పాత మాటే వచ్చింది. తప్పు నాది, తల్లీ."

కొండమ్మ అతని పక్కన కూర్చుంది. కొంగుతో అతని కళ్ళలోని మన్ను తుడిచింది.

బావి పూర్తిచేసేది ఎవరని చెంగల్రాయుడు నెమ్మదిగా అడిగాడు. తానూ అమ్మా వంతులు వేసుకొని తవ్వుతామని, అలా కాదంటే ఇంకెవరినైనా వెతుక్కోమని కొండమ్మ చెప్పింది. ఆయన తల వంచుకొని సరేనన్నాడు.

తల్లీ కూతురూ అడుగున పడ్డ బండను పగలగొట్టి తీసి ఇంకా తవ్వగా, తొమ్మిదో రోజున బావిలో నీరు ఊరింది. ఆ తొమ్మిది రోజులూ కట్టు కట్టిన కాలు చాపుకొని, పొయ్యి ముందు కూర్చుని, ఓబులేసు వాళ్ళిద్దరికీ సంగటి కెలికి పంపాడు.

బిడ్డకు ధైర్యం నేర్పితే సగం పెంపకమే అయినట్టు. ఆ ధైర్యానికి తల్లీ తండ్రీ అడ్డు తొలగినప్పుడే అది పూర్తవుతుంది.