గడ్డిగులాబీకి నీడ పడింది

ఇసుకదిబ్బపాలెంలో గురువులు, వాళ్ళన్న అప్పలకొండ, వాళ్ళమ్మ చిన్నమ్ముడు కాపురముండేవారు. ఊళ్ళో తెలివంతా తమ ఇంట్లోనే ఉందని ముగ్గురికీ గట్టి నమ్మకం. మిగతావాళ్ళకి చాలడం లేదని అప్పుడప్పుడు జాలి కూడా పడేవారు.

గురువులుకి మేనమామ కూతురు నూకాలుని అడిగారు. ఆ పిల్ల ఇల్లు చూడ్డానికొచ్చి భోజనానికి కూర్చుంటే, సముద్రపు గాలికి ముద్దముద్దకీ ఇసుకే! "బావా, ఈ ఇసుక లేవకుండా వాకిలంతా పూలమొక్కలు పెంచితేనే నిన్ను చేసుకుంటాను" అనేసి వెళ్ళిపోయింది.

గురువులుకి ఆ పిల్లంటే ప్రాణం. అన్నదమ్ములిద్దరూ పరుగున వెళ్ళి గడ్డిగులాబీ మొక్కలు కొనుక్కొచ్చారు. అమ్మినాయన మరీ మరీ చెప్పాడు. "ఉప్పుగాలైనా, ఉత్త ఇసుకైనా నేలంతా అల్లుకుంటాయి. కుదురుకునేదాకా గాలికి ఏదైనా అడ్డం పెట్టండి. నీడ మాత్రం అస్సలు పడకూడదు."

"గాలికి అడ్డం పెట్టేది తలుపే కదరా!" అన్నాడు అప్పలకొండ. అంతే, ఇంటి తలుపులన్నీ ఊడబీకి మొక్కల పక్కన పాతేశారు. ఇంకేముంది, తలుపుల్లేని ఇంట్లోకి కుక్కలు దూరి చేపలపులుసు కుండ ఖాళీ చేశాయి.

మొక్కలు కుదురుకున్నాయి. పాతిన తలుపులు పెరికేశారో లేదో, సాయంత్రానికి ఇంటి నీడ వచ్చి వాటిమీద పడింది. గురువులు లబోదిబోమన్నాడు.

"అమ్మా! మనిల్లే నా పెళ్ళి చెడగొట్టేలా ఉందే!"

"పీకి పారెయ్యరా నాయనా! ఇల్లు మళ్ళీ కట్టుకోవచ్చు, పిల్ల మళ్ళీ దొరుకుద్దా?" అంది చిన్నమ్ముడు.

అంతే, తాటాకు కప్పు దించేశారు. గోడలకీ నీడ ఉంది. గోడలూ కూల్చేశారు. ఆఖరికి అమ్మ నిలబడ్డా నీడేనని ఆవిణ్ణి పడుకోబెట్టారు.

పూలు విరగబూశాయి. ఎరుపూ పసుపూ కలిసి, వాకిలి చూడ్డానికి రెండు కళ్ళూ చాలలేదు. ఇసుక రవ్వంతైనా లేవడం లేదు. నూకాలు వచ్చి మురిసిపోయింది.

"మరి ఇల్లేది బావా?"

"నీడ పడుతోందని తీసేశాం" అన్నాడు గురువులు, మీసం దువ్వుకుంటూ.

ఆ పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. "సరేలే! ఈ పూల మధ్యలో ఇల్లుంటే ఎంత బాగుంటుందో! కట్టెయ్, ముహూర్తం పెట్టించుకుందాం."

ఇంకేముంది, ముగ్గురూ నడుం వంచి సరిగ్గా మధ్యలో ఇల్లు లేపారు. నూకాలు ముహూర్తం మాట్లాడ్డానికి వచ్చింది. ఇల్లు దివ్యంగా ఉంది. చుట్టూ ఉత్త ఇసుక.

"పూలేవి బావా?"

"ఇంటి నీడ పడుతోంది కదా, పాపం! అన్నీ పీకి కప్పుమీద ఎండలో పెట్టాం!"

అప్పుడే గాలి లేచింది. గుప్పెడు ఇసుక నూకాలు మొహాన కొట్టింది. ఆ పిల్ల కళ్ళు నులుముకుంటూ, వచ్చిన దారినే ఒకటే పరుగు.

గురువులు ఆనందం పట్టలేకపోయాడు. "చూశావా అన్నయ్యా! సంతోషంతో ఏడుపొచ్చేసింది. ముహూర్తం ఇవాళే పెట్టించెయ్యాలని ఎలా పరిగెడుతోందో చూడు!"