బూరుగు పిల్లకు ముళ్ళెందుకు

ఒకప్పుడు బూరుగు చెట్టుకు ముళ్ళు కింద ఉండేవి కావు, పైన ఉండేవి. మాను నున్నగా ఉండేది. పైకొమ్మల నిండా మాత్రం ముళ్ళే ముళ్ళు! కోతులు ఎక్కి మొగ్గలు తెంపకుండా అదీ కాపలా. నవ్వకండి, నిజమే చెబుతున్నా.

ఆ రోజుల్లో ఒక కొండవాలులో బూరుగమ్మ అనే పెద్ద చెట్టు ఉండేది. పెట్టడంలో ఆమెది పెద్ద చెయ్యి. ఎండలు ముదరకముందే ఎర్రెర్రటి పూలు దోసిళ్ళకొద్దీ కింద రాల్చేది. కణుజులు, అదేనర్రా, గుర్రమంత ఉంటాయే ఆ పెద్ద జింకలు, మందగా వచ్చి కడుపునిండా తినేవి. మందకు పెద్ద నల్లమూతి అనే ఆడ కణుజు. బూరుగమ్మను నోరారా అక్కా అని పిలిచేది.

"పూలొక్కటేనటే? నా నీడ పడినంత మేర ఏం మొలిచినా నీదే. అడక్కుండా తినెయ్" అందొకసారి బూరుగమ్మ, గొప్పకు పోయి.

ఆ ఒక్క మాట ఎంత పని చేసిందో చూడండి!

ఏటా బూరుగమ్మ తన గింజల్ని దూదిలో చుట్టి గాలికి అప్పగించేది. కొన్ని దూరం పోయేవి, కొన్ని అక్కడే పడేవి. "అందరూ ఎక్కడో ఒకచోట బాగానే ఉండుంటార్లే" అనుకుంటూ ఆకాశం చూస్తూ నిలబడేది. కిందికి ఒక్కసారి చూసిన పాపాన పోలేదు.

ఒక వానాకాలం పొద్దున వడ్రంగి పిట్ట వచ్చి వాలింది, మొహం వేలాడేసుకుని.

"అత్తా, నీకు వయసు మీద పడింది. ముందుముందు గూడు తొలుచుకోడానికి ఒక పడుచు బూరుగు దొరుకుతుందేమోనని మూడు కొండలూ తిరిగొచ్చా. ఒక్కటంటే ఒక్కటి లేదు."

బూరుగమ్మ ఆకాశం మీంచి చూపు తిప్పుకుంది. "ఒక్కటీ లేదా! అన్ని వేల గింజలు పంపానే! నా పిల్లలేమైపోయారు?"

"నేనున్నానమ్మా" అని కాళ్ళ దగ్గర సన్నగా ఎవరో అన్నారు.

వంగి చూసింది. మోకాలెత్తు మొక్క. నాలుగంటే నాలుగే ఆకులు. కొమ్మల చివర్లన్నీ కొరికేసి ఉన్నాయి.

"మొన్నటి వానకు మొలిచావా, బంగారం?"

"కాదమ్మా. నాకు ఇరవై ఏళ్ళు."

వడ్రంగి పిట్ట తెరిచిన ముక్కు మూయలేదు. ఇరవై ఏళ్ళట! మోకాలెత్తట!

"ఏటా చిగురేస్తాను. ఏటా తినేస్తారు. నాతో మొలిచినవాళ్ళంతా చచ్చిపోయారమ్మా. నాకూ ఇంక ఓపిక లేదు. ఈసారి కొరికితే మళ్ళీ లేవలేను."

"ఎవరు? ఎవరు తిన్నారు నిన్ను?" అని అరిచింది బూరుగమ్మ.

సరిగ్గా అప్పుడే నల్లమూతి వచ్చింది. "బాగున్నావా అక్కా?" అంటూ తల వంచి, పటుక్కున ఒక ఆకు అందుకుంది. తల్లి కళ్ళెదుటే!

"ఆగవే! అది నా బిడ్డ!"

నల్లమూతి నోట్లోంచి ఆకు జారిపోయింది. "నీ బిడ్డా! అయ్యయ్యో, ఏదో పిచ్చి మొక్క అనుకున్నాను, ఒట్టు! నీ నీడలో మొలిచిందంతా తినమన్నది నువ్వేగా అక్కా?"

బూరుగమ్మకు ఆ మాట గుర్తొచ్చింది. అన్నది తనే మరి.

"నేను ముట్టుకోను. కానీ మందలో నలభైమందిమి. ఆకలేస్తే ఎవరు ఎవరి మాట వింటారు చెప్పు?" అని నల్లమూతి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

బూరుగమ్మ వడ్రంగి పిట్టను పిలిచింది. "నా ముళ్ళన్నీ పీకెయ్. తీసుకెళ్ళి నా పిల్ల ఒంటికి దిగ్గొట్టు."

"మతి పోయిందా అత్తా! కోతులు నీ కొమ్మల మీద ఒక్క మొగ్గనైనా మిగలనిస్తాయా?"

"పోతే పోనీ. ముందు నా పిల్ల బతకాలి."

టక్ టక్ టక్! పైన పీకడం, కింద దిగ్గొట్టడం. పొద్దుగూకేసరికి తల్లి ఒళ్ళు బోడి అయింది, పిల్ల ఒళ్ళంతా ముళ్ళయ్యింది. మర్నాడు మంద వచ్చింది. మూతి పెట్టినవాళ్ళు పెట్టినట్టే కెవ్వుమని వెనక్కి దూకారు.

ఆ ఏడు కోతులు బూరుగమ్మ మొగ్గలన్నీ తెంపి పారేశాయి. ఒక్క పువ్వు పూయలేదు. అయినా ఆమె దిగులుపడలేదు. పిల్ల నడుమెత్తయింది, తర్వాత కణుజు మెడ దాటింది, తర్వాత ఎంత మెడ చాచినా అందనంత ఎత్తయింది, తనూ పూసి కాసింది.

"ఇంక ఆ ముళ్ళు రాల్చెయ్యమ్మా" అంది బూరుగమ్మ.

"రాల్చను! ఇరవై ఏళ్ళు నన్ను తిన్నారు. గుచ్చుకుంటే గుచ్చుకోనీ" అంది పిల్ల.

"నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు. కిందికి చూడు."

చూసింది. తన కాళ్ళ దగ్గర, గడ్డిలో, రెండేసి ఆకులతో ఐదు బూరుగు మొలకలు! మంద అటే వస్తోంది. పిల్ల ఒళ్ళు ఒక్కసారి గట్టిగా విదిలించింది, ముళ్ళన్నీ రాలి మొలకల ఒంటికి అతుక్కున్నాయి.

అప్పటినుంచే బూరుగు పిల్ల మొలిచిన కొద్దిరోజులకే ఒళ్ళంతా మొనదేలిన ముళ్ళు తొడుక్కుంటుంది. పెరిగి పెద్దదై, జింక నోటికి అందనంత ఎత్తుకు పోయాక, ఆ ముళ్ళు ఒక్కొక్కటే వదిలేస్తుంది.