నూనె తాగిన నీలం బంతి

ఐలయ్య సార్‌ను ప్రశ్న అడగడమంటే పని నెత్తినేసుకోవడమే. ఇరవై రెండేళ్ళు ఆయన దగ్గర బౌలింగ్ నేర్చుకున్నాను, ఒక్క ప్రశ్నకైనా ఆయన సూటిగా జవాబు చెప్పగా నేను వినలేదు. "సార్, నా బంతి ఎందుకు పక్కకు పోతున్నది?" అంటే, "ముందు ఆ కుర్చీ ఇటు జరుపు" అనేవాడు. కుర్చీ జరిపాక చెప్తాడేమో అని నిలబడితే టీ పెట్టమనేవాడు. టీ తాగి ఇంటికి పోతుంటే ఎక్కడో మెట్టుగూడ దగ్గర జవాబు తట్టేది, కుర్చీ జరిపేటప్పుడు నేను భుజం వంచిన సంగతి గుర్తొచ్చి. అప్పుడు ఆయన మీద మహా కోపం వచ్చేది. ఆ ముక్కేదో నోటితో చెబితే ఆయన సొమ్మేం పోయిందట?

బౌలింగ్ అంటే క్రికెట్‌లోది కాదు. నున్నటి పొడుగాటి బాట మీద బరువైన బంతిని దొర్లించి, చివర నిలబెట్టిన సీసాల్లాంటి పది పిన్నులను పడగొట్టే ఆట. సికింద్రాబాద్‌లో అలాంటి ఆటస్థలం ఒకదానిలో ఐలయ్య సార్ మెషీన్లు బాగుచేసే మెకానిక్‌గా చేరి, చూసి చూసి ఆట పట్టుకుని, మాలాంటి వాళ్ళకు గురువయ్యాడు. రిటైరయ్యాక మల్కాజిగిరిలో రెండు గదుల ఇంట్లో ఉన్నాడు. వెనక చిన్న గచ్చు, ఒక కుళాయి, ఒక పాత బకెట్. ఇప్పుడు చెప్పబోయేది ఆ బకెట్ దగ్గర జరిగింది.

ఒక శుక్రవారం పొద్దున నేను అక్కడ పేపరు చదువుకుంటూ కూర్చున్నాను. విఠల్ వచ్చాడు, వెనకాలే అతని కూతురు రవళి. విఠల్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, నాతోపాటే సార్ దగ్గర నేర్చుకున్నవాడు. మా అందరిలోకీ గొప్పగా ఆడింది మాత్రం అతని భార్య కళావతి. ఆటస్థలంలో కౌంటరు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకు బూట్లు ఇచ్చే ఉద్యోగం ఆమెది. తలుపులు తెరవకముందే వచ్చి ఆడి ఆడి, మూడేళ్ళలో మమ్మల్నందరినీ దాటిపోయింది. ఏడాదిన్నర కింద జ్వరంతో ఆస్పత్రిలో చేరి, మళ్ళీ ఇంటికి రాలేదు. ఆ మాట రాయడానికి ఇప్పటికీ నాకు చెయ్యి రాదు.

విఠల్ చేతిలో సంచి, సంచిలో కళావతి నీలం బంతి.

తండ్రీకూతుళ్ళు దారిపొడవునా పోట్లాడుకుంటూ వచ్చారని మొహాలే చెప్పాయి. రవళికి పంతొమ్మిదేళ్ళు. ఆదివారం రాష్ట్ర జట్టు కోసం ఎంపిక పోటీ ఉంది. ఎనిమిది నెలలుగా తల్లి బంతితోనే ఆడుతున్నది. బంతిని పట్టుకోవడానికి వేళ్ళు దూర్చే చిల్లులు ఒక మనిషి చేతికి కొలిచి తొలుస్తారు, ఇంకొకరికి పట్టవు. అలాంటిది, తల్లి బంతి ఈ పిల్ల చేతికి కొలిచినట్టే సరిపోయింది. వేరే బంతి తెచ్చి రెండు రోజుల్లో అలవాటు చేసుకోవడం జరిగే పని కాదు.

"సార్, నిన్న పదమూడు సార్లు వేసిన," అంది రవళి. "ఒక్కసారి కూడ మలుపు తిరగలే. కర్ర లెక్క సక్కగ పోయి రెండు పిన్నులు కొట్టి పడిపోతది. ఇది నా మాట వింటలేదు."

ఎందుకో మాకందరికీ తెలుసు. ఆ బాట మీద సన్నగా నూనె పూస్తారు. దొర్లుతూ పోయే బంతి ఆ నూనె తాగుతుంది. తాగి తాగి లోపలికి ఇంకిపోతే ఇక దానికి పట్టు ఉండదు, పిన్నుల దగ్గర మలుపు తిరగకుండా జారిపోతుంది. పైపైన తుడిస్తే పోదు. వేడినీళ్ళలో కూర్చోబెట్టి లోపలిదంతా బయటికి రప్పించాలి. ఇంట్లో చేసుకునే పనే, ఒక పూట పడుతుంది.

"కడుగుదామంటే నాన్న ఒప్పుకుంటలేడు," అని చెప్పి రవళి అటు తిరిగి నిలబడింది. ఏడుపు దాచుకోవడానికి ఆ పిల్లకు అంతకంటే చోటు దొరకలేదు.

విఠల్ బంతిని ఒళ్ళో పెట్టుకుని గచ్చు మీద కూలబడ్డాడు. "అందులో ఉన్నది కళ ఆడిన ఆటలు సార్," అన్నాడు. "ఆమె చీరలు మా వదినెలకు ఇచ్చిన. చెప్పులు పారేసిన. ఫోను బందు పెట్టిన. అందరు మంచిదే అన్నరు, ఇచ్చిన. ఇగ ఇది కూడ పిండి పారబొయ్యాల్నా?" తల ఎత్తకుండానే అడిగాడు. "పోయినోళ్ళది ఒక్కొక్కటి తీసేసుకుంట పోతే, ఆఖరికి మనకాడ ఏం మిగుల్తది సార్?"

నేను పేపరు మడిచేశాను. ఈసారైనా ఈ మనిషి నోరు తెరిచి నాలుగు మంచి మాటలు చెప్తాడనుకున్నాను.

"నీళ్ళు పెట్టు," అన్నాడు సార్.

"సార్, నేనేం అడుగుతున్న..."

"కడుగుతా అన్ననా? నీళ్ళు పెట్టమన్న. ఆలుగడ్డా, నువ్వు లేచి స్టవ్ ముట్టియ్యి."

ఆలుగడ్డ అంటే నేను. పదేళ్ళ కింద నా బంతిని కూడా ఇలాగే కడగబోయి, తొందరపడి సలసల మరిగే నీళ్ళు పోశాను. టప్‌మని అడ్డంగా పగిలింది. "బంతి అనుకున్నవా, ఆలుగడ్డ అనుకున్నవా?" అన్నాడు సార్. ఆనాటి నుంచి నాకు అదే పేరు. కరెంటాఫీసులో ముప్పై ఏళ్ళు సూపరింటెండెంటుగా చేసినవాణ్ణి, ఏం చేస్తాం.

నీళ్ళు కాగాయి. సార్ బకెట్ అడుగున పాత తువ్వాల పరిచి, వేడినీళ్ళలో చన్నీళ్ళు కలుపుతూ రవళిని చెయ్యి పెట్టి చూడమన్నాడు. "కాల్తుందా?" "కాల్తది సార్." ఇంకో చెంబు. "ఇప్పుడు?" "ఓర్సుకోవచ్చు." "గంతే. చెయ్యి ఓర్సుకున్నంతనే అది ఓర్సుకుంటది." అంట్లు తోమే సబ్బునీళ్ళు నాలుగు చుక్కలు వేశాడు. తర్వాత రవళిని తువ్వాల వెతికి తెమ్మని లోపలికి పంపి, తనూ పోయి ఒక రేకుడబ్బా తెచ్చి విఠల్ ముందు పెట్టాడు.

"చిల్లుల మీద టేపు ఎయ్యి. నీళ్ళు అండ్లకు పోవద్దు."

విఠల్ కదల్లేదు. సార్ పక్కనే గచ్చు మీద కూర్చుని మోకాలు నిమురుకుంటున్నాడు. చివరికి గురువు మాట కొట్టెయ్యలేక విఠల్ డబ్బా తెరిచి, వెడల్పాటి టేపు చుట్ట తీశాడు. కొస కోసం వేలు ఆనించి అక్కడే ఆగిపోయాడు. టేపు కొస చిన్న త్రికోణంగా లోపలికి మడిచి ఉంది.

"ఇది కళ మడత," అన్నాడు. "మా ఇంట్ల ఏ టేపైనా గిట్లనే మడుస్తుండె. ఇది మీకాడికి ఎట్లొచ్చింది?"

"ఆమెదే. ఈడ్నే పెట్టిపోతుండె."

"ఈడికి ఎందుకొస్తుండె?"

"బంతి కడగనీకి. అరవై ఆటలకు ఒకసారి. నీకు రెండో షిఫ్టు ఉన్న దినాలు చూసుకొని వస్తుండె. 'దీనికి చెవుడొచ్చింది సార్, కడగాలె' అంటుండె."

విఠల్ ఆ మడత మీద వేలు రాశాడు. అన్నేళ్ళు ఆమె పక్కన ఆడాను, ప్రతి బంతికీ ముందు తువ్వాలతో తుడుచుకోవడం చూశానుగానీ ఇక్కడికొచ్చి కడుగుతుందని నాకూ తెలియదు.

"ఆఖరుసారి ఎప్పుడొచ్చింది?" అని అడిగాడు విఠల్.

"దవాఖానకు పోయే ముందు వారం. ఒళ్ళు కాలిపోతుండె. ఇప్పుడెందుకు బిడ్డా అంటె, వినలే. కడిగి, ఆరబెట్టి, ఇగ బాగ వింటది సార్ అని తీస్కపోయింది."

విఠల్ బంతిని తిప్పి చూశాడు. "ఆనాడే కడిగింది. మల్ల ఆడనే లేదు. మరి గిప్పుడు దీంట్ల ఉన్న నూనె..."

"నాదే నాన్నా," అంది, తువ్వాలతో అప్పుడే తిరిగొచ్చిన రవళి, మెల్లగా. "నేనే తుడవకుంట ఆడిన. నువ్వు తుడవద్దంటివి గద."

చూడండి, మనిషి ప్రేమతో ఎంత తెలివితక్కువ పని చేస్తాడో. భార్య జీవితమంతా దేన్ని తుడిచి తుడిచి వదిలించుకుందో, దాన్నే ఆమె గుర్తని ఎనిమిది నెలలు కాపలా కాశాడు. నవ్వొచ్చే సంగతే, కానీ అతని మొహం చూస్తే నవ్వు రాలేదు. ఉన్న ఒక్క ఆసరా కూడా పోయినవాడిలా ఉన్నాడు. "అంటే ఆమెది దీంట్ల ఏం లేదు," అన్నాడు. "ఏం లేదు."

"టేపు ఎయ్యి," అన్నాడు సార్. "నీళ్ళు సల్లారుతున్నయ్."

ఈసారి విఠల్ బంతిని దగ్గరికి లాక్కున్నాడు. చిల్లుల్లో వేలు పెట్టి చూశాడు. ఫిట్టరు వేళ్ళు, మొదటి కణుపు దాటి పోలేదు. రెండు వేళ్ళ చిల్లులు, ఒక బొటనవేలి చిల్లు. మూడింటి మీదా టేపు వేసి, అంచులు గోటితో గీసి గీసి ఒత్తాడు, చుక్క నీరు పోకుండా. ఆ పని మాత్రం అతను ఎంత శ్రద్ధగా చేశాడంటే, వర్క్‌షాపులో రైలింజనుకు కూడా అంత చేసి ఉండడు. తర్వాత తనే రెండు చేతులతో బంతిని నీళ్ళలోకి దించాడు.

ఆదివారం సంగతి ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే మీ మనసు అక్కడే ఉంటుంది. రవళి ఆడింది, బంతి తిరిగింది, ఆరుగురిని తీసుకుంటే ఐదో పేరు ఆ పిల్లది. సార్‌కు ఫోను చేస్తే "సరే" అని పెట్టేశాడు. ఇక మళ్ళీ గచ్చు మీదికి రండి.

మొదటి పావుగంట ఏమీ కనిపించలేదు. విఠల్ బకెట్‌లోకి వంగి రుద్దబోతే సార్ చెయ్యి పట్టుకున్నాడు. "గుంజకు. అదే వస్తది." ఆ తర్వాత బంతి ఒంటి మీద సన్నగా చెమట పట్టినట్టు చుక్కలు లేచాయి. ఒక్కొక్కటే వదిలి పైకి తేలి, నీళ్ళ మీద పసుపుపచ్చ తెట్టు కట్టింది. రవళి బంతిని పైకి తీసి తుడిచింది. తెల్ల తువ్వాలంతా జిడ్డు. "అమ్మో, ఎంత తాగింది నాన్నా!" అంది, మొహం వెలిగిపోతూ. విఠల్ నీళ్ళు మార్చాడు. రెండోసారి కూడా తెట్టు కట్టింది, కాస్త తక్కువ. నేను స్టవ్ దగ్గర నీళ్ళు కాచి కాచి చెమటలు కక్కుతున్నాను, నా సంగతి ఎవరికీ పట్టలేదు.

మూడో దఫా నీళ్ళు మారుస్తుంటే బొటనవేలి చిల్లు మీద టేపు అంచు కొద్దిగా లేచింది. "ఆగు నాన్నా," అని రవళి పాతది ఊడదీసి, చిల్లు చుట్టూ ఒత్తి తుడిచి, చుట్టలోంచి కొత్త ముక్క చింపి అంటించింది. అంటించి, చుట్టను పక్కన పెట్టబోతూ, మాటల్లోనే, అటు చూడనైనా చూడకుండా, టేపు కొసను చిన్న త్రికోణంగా లోపలికి మడిచింది.

విఠల్ చేతిలో చెంబు ఉన్నది ఉన్నట్టే ఆగిపోయింది.

"అట్ల మడవాల్నని నీకు ఎవరు చెప్పిన్రు?" అన్నాడు.

"ఏది?" అని రవళి తన చేతిలోని చుట్ట చూసుకుంది. "ఇదా? ఎవరు చెప్తరు. మడవకుంటె కొస దొరకదు గద నాన్నా."

విఠల్ చెంబు కింద పెట్టాడు. కూతురి తల మీద తడిచెయ్యి వేసి, ఏడాదిన్నరగా లోపలే పెట్టుకున్న ఏడుపంతా ఏడ్చాడు. రవళికి ఎందుకో తెలియదు, తండ్రి ఏడుస్తున్నాడని తనూ ఏడ్చింది. నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను. తలకిందులుగా పట్టుకున్నానని తర్వాత తెలిసింది.

సార్ మాత్రం మోకాళ్ళు పట్టుకుని లేచి, బకెట్‌లో చెయ్యి పెట్టి నీళ్ళ వేడి చూశాడు. బంతిని ఒకసారి తిప్పి పెట్టాడు. గచ్చు మీద పడి ఉన్న టేపు చుట్టను తీసి, తడి తుడిచి, ఆ మడత చెదరకుండా రేకుడబ్బాలో పెట్టి మూత వేశాడు. వేసి, డబ్బాను విఠల్ చేతిలో పెట్టాడు.

"ఇది ఇగ మీ ఇంట్ల పెట్టుకో బిడ్డా," అన్నాడు. "అరవై ఆటలకు మల్ల కావాలె."