గుడ్డ చుట్టిన స్క్రూడ్రైవర్

మధ్యాహ్నం రెండు దాటింది. ఎండ మాడ్చేస్తోంది. గాలి వీస్తోంది గానీ అదీ వడగాలే. షెడ్డు రేకులు ఉండుండి టపటపమంటున్నాయి.

తాడిపత్రి పొలిమేరలో, నాపరాళ్ల పాలిష్ మిషన్ల పక్కన ఉన్న ఆ లారీ షెడ్డులో ఓబుళమ్మ బంపరు మీద నిలబడి, ముందు రేకు ఎత్తి, ఇంజినులోకి సీసా వంచుతోంది. సీసాలోది తేనెలా చిక్కగా, మెల్లగా దిగుతోంది. ఆమె చెయ్యి వణికి నాలుగు చుక్కలు బంపరు మీద పడ్డాయి. కొంగుతో తుడిచేసింది. ఖాళీ సీసాను కిటికీ గూట్లో పెట్టింది. అక్కడ అప్పటికే అలాంటివి, ఖాళీవీ నిండువీ, వరసగా నిలబడి ఉన్నాయి. ఎర్ర మూతవి ఇంజినాయిల్లో పోసేవి. నీలం మూతవి డీజిల్లో కలిపేవి.

సాయంత్రం నాలుగింటికి ఈ బండి బయల్దేరాలి. నాపరాళ్ల లోడు ఎక్కి ఉంది. నడిపేది ఆమె కొడుకు మద్దిలేటి. దారిలో కొండ మలుపుల గువ్వలచెరువు ఘాటు ఉంది.

ఘాటు అన్న మాట వినబడితే చాలు, ఓబుళమ్మ చేతిలో పని ఆగిపోతుంది. ఎండలు మొదలైన కొత్తలో, ఆమె ఇంకో బండి ఆ ఘాటు దిగుతుండగా ఇంజిను పట్టేసి ఆగిపోయింది. ఇంజిను ఆగితే బ్రేకులకు గాలి అందదు. మద్దిలేటి బండిని కొండకేసి కొట్టి ఆపాడు. నుదుటి మీద కుట్లతో బయటపడ్డాడు. క్లీనరు సంజన్నకు కాలు విరిగింది. ఆ బండి ఇప్పుడు షెడ్డు మూల టార్పాలిన్ కింద ఉంది. ఆమె ఆ మూలకు పోదు.

ఎందుకు పట్టేసిందో ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పారు. ఇంజినాయిల్ అమ్మే ఒక అంగడాయన మాత్రం, "ఈ సీసా పోసుంటే అట్లా అయ్యేది కాదమ్మా" అన్నాడు. ఆ మాట ఆమెలో ముల్లులా దిగబడిపోయింది. అప్పట్నుంచి ఎవరు ఏ సీసా పేరు చెప్పినా కొంటోంది. పోస్తోంది.

ఆ షెడ్డుకు ఒక కట్టుబాటు ఉంది. అది కుళ్ళాయప్ప ఉస్తాద్ పెట్టింది. మొగుడు పోయాక ఓబుళమ్మకు ఇంజిను పని నేర్పింది ఆయనే. ఘాటు ఎక్కే ఏ బండికైనా ముందు 'చెవి పెట్టాలి'. మూరెడు పొడుగు స్క్రూడ్రైవర్ కొనను ఇంజినుకు ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు ఆనించి, లోపల ఏం జరుగుతోందో వినాలి. విన్న మనిషే బండి తలుపు మీద చరిచి "పోయిరా" అనాలి. ఆ మాట లేనిదే బండి గేటు దాటకూడదు.

ఉస్తాద్‌కు చెవులు ఎప్పుడో మందగించాయి. అయినా ఎముకతో విని, తేడా ఏ సిలిండరులో ఉందో చెప్పేసేవాడు. ఆయన దగ్గర పని నేర్చినవాళ్లు చాలామందే ఉన్నా, "పోయిరా" అనే హక్కు ఆయన ఇచ్చింది ఓబుళమ్మ ఒక్కదానికే. ఆ సంగతి ఆమె ఎక్కడా చెప్పుకోదు. నడకలో తెలిసిపోతుంది.

ఘాటు ప్రమాదం తర్వాత ఆమె ఆ స్క్రూడ్రైవర్‌ని ముట్టుకోలేదు. తలుపు చరిచేది, "పోయిరా" అనేది. అంతే. ఉస్తాద్ కంటి ఆపరేషను చేయించుకుని ప్రొద్దుటూరులో కూతురింట్లో ఉన్నాడు. షెడ్డులో ఆమెను అడిగేవాళ్లు లేరు.

మొన్నీమధ్య ఈ బండి కూడా ఎత్తు ఎక్కేటప్పుడు 'టక్ టక్' అంటోందని మద్దిలేటి చెప్పాడు. ఆమె ఒక ఎర్ర మూత సీసా పోసింది. శబ్దం సన్నబడింది. ఇంకోటి పోసింది. పోయింది. మద్దిలేటి హాయిగా నిద్రపోయాడు. ఆమెకు మాత్రం నిద్ర పట్టలేదు.

గేటు దగ్గర ఆటో ఆగింది. నల్ల కళ్లద్దాలతో కుళ్ళాయప్ప ఉస్తాద్ దిగాడు.

"ఉస్తాద్! చెప్పకుండా వస్తిరే?"

"చెప్పి వస్తే ఊడ్చి పెడతావు. కొత్త కంటితో ఉన్నది ఉన్నట్టు చూద్దామని వచ్చినా."

అద్దాలు తీశాడు. షెడ్డంతా కలయజూశాడు. చూపు కిటికీ గూటి దగ్గర ఆగింది.

"ఏం ఓబుళమ్మా, సోడా అంగడి పెట్టినావా?"

లోడు తాళ్లు బిగిస్తున్న మద్దిలేటి కిసుక్కున నవ్వాడు. ఓబుళమ్మ నవ్వలేదు.

"మందులు, ఉస్తాద్."

"ఎవరికి జబ్బు?"

"బండికి."

"ఓహో."

ఆయన నీలం మూత సీసా ఒకటి తీసి, వెలుతురుకు పట్టి చూశాడు. "ఇదేం చేస్తాది?"

"డీజిల్లో నీళ్లుంటే పోగొడతాదంట."

ఉస్తాద్ సీసాను ఉన్నచోటే పెట్టాడు. నడుము పట్టుకుంటూ బండి పక్కన వంగి, డీజిల్ ఫిల్టరు అడుగున ఉన్న చిన్న మరను వేళ్లతో వదులు చేశాడు. మొదట నీళ్లు కారాయి. మట్టి తాగేసింది. తర్వాత డీజిల్ చుక్కలు పడ్డాయి. మర బిగించి చెయ్యి తుడుచుకున్నాడు.

"పోయినాయి" అన్నాడు.

ఓబుళమ్మ ముఖం ఎర్రబడింది. ఆ మర తిప్పడం ఆయన ఆమెకు నేర్పిన మొదటి పని.

"ఉస్తాద్, నాకు తేల్చి చెప్పండి" అంది. "నాలుగింటికి పిల్లోడు ఘాటుకు పోతాండాడు. ఇవి పోయాల్నా, వద్దా? మంచిదంటే ఉన్నవన్నీ పోస్తా. చెడ్డదంటే ఇప్పుడే పగలగొడతా. ఆ ఘాటులో ఇంకోసారి నా బండి ఆగకూడదు. అంతే నాక్కావాల్సింది."

"ఈ బండిలో ఏమన్నా శబ్దం వచ్చిందా?"

"వచ్చింది. పోసినాక పోయింది."

"చెవి పెట్టినావా?"

ఆమె గోడ మేకు వైపు చూసింది. మేకుకు వేలాడుతున్న స్క్రూడ్రైవర్‌కు సాలెగూడు పట్టింది.

ఉస్తాద్ వెళ్లి దాన్ని తీశాడు. బూజు దులిపాడు. చేతులు తుడుచుకునే పాత బనియను గుడ్డ ఒకటి అందుకుని, ఎర్ర మూత సీసాలో అడుగున మిగిలినదాంట్లో ముంచాడు. ఆ గుడ్డను స్క్రూడ్రైవర్ కొనకు దళసరిగా చుట్టాడు. దెబ్బ తగిలిన వేలికి కట్టు కట్టినంత ఓపిగ్గా దారంతో కట్టాడు. కట్టి ఆమె చేతికిచ్చాడు.

"ఒరే మద్దిలేటీ, స్టార్ట్ చెయ్యి."

ఇంజిను లేచింది. ఓబుళమ్మ గుడ్డ కొనను ఇంజినుకు ఆనించి, పిడిని చెవి వెనక పెట్టుకుంది. చాలాసేపు విన్నది. తన గుండె చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఏం వినబడతాంది?"

"ఏమీ లేదు, ఉస్తాద్."

"గట్టిగా చెప్పమ్మా. నాకు చెవుడు."

"ఏమీ లేదు!"

"అయితే బండి బాగుంది. తలుపు చరిచి పంపించు."

ఆమె తలుపు దగ్గరికి వచ్చి చెయ్యెత్తింది. పై నుంచి మద్దిలేటి తొంగి చూశాడు. ఎండకు నుదుటి మీద కుట్ల మచ్చ తళుక్కుమంది.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

ఉస్తాద్ కళ్లద్దాలు పెట్టుకుని, ఇంకెటో చూస్తూ నిలబడ్డాడు.

ఓబుళమ్మ చెయ్యి దించింది. దారం తెంపింది. గుడ్డ ఊడదీసి కింద పడేసింది.

"ఇంజిను ఆపు. గుంత మీదికి తెచ్చి పెట్టు."

"మా, నాలుగింటికి పోవాల. లోడు పంపే సేటు ఫోన్ల మీద ఫోన్లు చేస్తాండాడు."

"నాపరాళ్లు కుళ్లిపోవు. నువ్వు దిగు."

"శబ్దం పోయింది గదా, మా!"

"యాడికి పోయిందో చూద్దాం, దా."

బండి కింద పని చేసేందుకు తవ్విన ఆ గుంతలోకి ఆమే దిగింది. అడుగు మర విప్పితే చిక్కటి నల్ల నూనె సాగుతూ సాగుతూ తొట్టిలోకి దిగింది. అంతా దిగేదాకా కదల్లేదు. పైకొచ్చి డబ్బాలోంచి కొత్త ఇంజినాయిల్ పోసింది. పోశాక అలవాటు చొప్పున చెయ్యి ఎర్ర మూత వైపు పోయింది.

"కలపాల్సినవన్నీ కలిపే ఆ డబ్బా మూత వేసుంటారు" అన్నాడు ఉస్తాద్. "వంటంతా అయినాక ఇంకొకరు వచ్చి ఉప్పేస్తే తింటావా?"

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

మళ్లీ స్టార్ట్ చేయించింది. గుడ్డ లేని కొనను ఒక్కో సిలిండరుకు ఆనిస్తూ పోయింది. మొదటిది. రెండోది. మూడో దాని దగ్గర ఎముకకు తగిలింది, లోతునుంచి, టక్. ఆమె కళ్లు మూసుకుంది. మళ్లీ టక్. కళ్లు మూసుకున్నా వినడం మాత్రం మానలేదు.

"మూడోది" అంది.

ఉస్తాద్ పిడిని తన చెవి వెనక పెట్టుకుని విన్నాడు. అవునని తలూపాడు.

ఇంజిను ఆపించి, మళ్లీ గుంతలోకి దిగి, పోసిన నూనెంతా దించేసింది. ఆమె బోల్టులు విప్పుతుంటే మద్దిలేటి అడక్కుండానే స్పానర్లు అందించాడు. ఇంజిను అడుగు తొట్టి దించారు. మూడో సిలిండరు కింద, క్రాంకును పట్టి ఉండే బేరింగు బయటికొచ్చింది. ఆమె దాన్ని కొంగుతో తుడిచి వెలుతురులోకి తెచ్చింది. పైన వెండిలా ఉండాల్సిన పూత అరిగిపోయి, లోపలి రాగి ఎర్రగా బయటపడింది. చేత్తో వంచితే వంగేంత పలచబడింది.

మద్దిలేటి దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇంకో చెయ్యి దానంతటదే నుదుటి మీదికి పోయింది. సేటు నుంచి ఫోను మోగుతోంది. అతను తీయలేదు.

"ఉస్తాద్, మరి ఈ సీసాలు?" అంది ఓబుళమ్మ.

ఆయన సీసాల వంక చూడలేదు. ఆమె చేతుల వంక చూశాడు. మోచేతుల దాకా నూనె. ఒక చేతిలో స్పానరు.

"వణుకు తగ్గిందే" అన్నాడు.

అని, టీ తాగడానికి గేటు వైపు నడిచాడు.

మరునాడు కొత్త బేరింగులు పడ్డాయి. ఆమె చెవి పెట్టింది. ఒక్కో సిలిండరూ విన్నది, మొదటి నుంచి చివరి దాకా. క్లీనరు సంజన్న కుంటుకుంటూ వచ్చి, ఎవరు వద్దంటున్నా వినకుండా క్యాబిన్‌లోకి ఎక్కాడు. "ఇంట్లో కూర్చుంటే కాలికి తుప్పు పడతాంది వదినా" అన్నాడు.

ఆమె తలుపు గట్టిగా చరిచింది. "పోయిరా" అంది.

గేటు మూసి, తిన్నగా షెడ్డు మూలకు వెళ్లింది. టార్పాలిన్ తాడు విప్పింది.

బయటికెళ్లిన బండ్లు తిరిగొచ్చిన పొద్దున చినుకులు పడుతున్నాయి. ఓబుళమ్మ షెడ్డు గడపలో కూర్చుని ఉంది. రైలు గేటు మలుపు అవతల ఒక బండి గేరు మార్చింది. కళ్లకు కనబడక ముందే అది ఎవరి బండో ఆమెకు తెలిసింది. షెడ్డులో ఇంకో బండి నడిపే షాషావలి, హంపీ దారిన పోయినవాడు, ముందు వచ్చాడు. దిగి, ఒళ్లు విరుచుకుని, "టీ ఉందా అక్కా?" అన్నాడు. ఒకరు.

కొంచెంసేపటికి ఇంకో ఇంజిను వినబడింది. ఆమె లేచి నిలబడింది. ఎక్కడా తేడా లేదు. బండి లోపలికొచ్చి ఆగింది. సంజన్న ముందు కర్ర, తర్వాత కాలు దించాడు. ఇద్దరు. అటువైపు తలుపు తెరుచుకుంది. మద్దిలేటి వానలో తడుస్తూ దిగాడు.

ముగ్గురు.

ఆమె మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది.